వదులు టోపీ

ఆయన చేతివేళ్ళ గురించి ముందు చెప్పాలి. లావుగా, పొట్టిగా, గోళ్ళ చుట్టూ ఎంత తోమినా పోని నల్లటి మరకతో, మోటు పనికి తప్ప ఎందుకూ పనికిరావనిపించే వేళ్ళు. ఆ వేళ్ళతోనే ఆయన కందిబద్ద కన్నా చిన్నవైన రాగి టోపీలను ఒక్కొక్కటే తీసి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని, లోపలికి తొంగి చూసి, పక్కన పెట్టేవాడు. ఒక్కటి కూడా కింద పడేది కాదు. పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు చూస్తావేంటి మావా అని ఆటపట్టిస్తే తల ఎత్తకుండానే, "పిల్లయితే ఇంత సూడక్కర్లేదు అల్లుడూ. అది సేతిలో పేలదు" అనేవాడు.

ఆయన పోయాడని ఆయన కూతురు ఫోన్‌లో కబురు పంపింది. తమిళంలో రెండే ముక్కలు. నేను అప్పుడు తెలుక్ ఇంతాన్‌లో హార్డ్‌వేర్ కొట్టు కౌంటర్ వెనక ఎవరికో తలుపు గొళ్ళాలు చూపిస్తున్నాను. చదివి, ఫోన్ బల్ల మీద బోర్లించి, గొళ్ళాల బేరం పూర్తిచేశాను. రెండున్నర గంటలు కారు నడిపితే సుంగై సిపుట్ చేరిపోయేవాణ్ణి. వెళ్ళలేదు. అంత్యక్రియలకు వెళ్ళే మొహం నాకు లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు నా మూలంగా ఇప్పటికే ఒకసారి పాడైంది. ఎలా పాడైందో రాయడానికే కూర్చున్నాను.

ఈపో దగ్గర సున్నపురాతి కొండల కింద ఒక తుపాకుల క్లబ్బు ఉండేది. సభ్యులు శని, ఆదివారాల్లో వచ్చి గురి చూసి కాల్చి వెళ్ళేవారు. ఆయన అక్కడ తుపాకులు బాగుచేసే మేస్త్రీ. నేను గుమాస్తాని, ఎవరి గురి ఎన్ని మార్కులో రాసేవాణ్ణి. నేను చేరిన మొదటి వారంలో ఆయన ఏదో స్ప్రింగుతో కుస్తీ పడుతూ "ఏటిది దీని గోల" అని తనలో తను గొణుక్కోవడం విని వెనక్కి తిరిగాను. తెలుగోడివేనా అన్నాడు. వాళ్ళది సుంగై సిపుట్ రబ్బరు తోట, మాది బాగన్ దాతుక్ కొబ్బరి తోట. ఇద్దరి ముత్తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ మలయ్ దేశానికి వచ్చినవాళ్ళే. పది నిమిషాల్లో లేని చుట్టరికం కలిపేసి, ఆయన మావ, నేను అల్లుడు అయిపోయాం. క్లబ్బు మొత్తంలో తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే.

తుపాకుల గదిలోకి ఆయన చెప్పులతో వచ్చేవాడు కాదు. చెప్పు అడుగున అంటుకున్న ఇసుకరేణువు గాలికి లేచి ఎక్కడ దూరుతుందో ఎవరికి తెలుసంటాడు. టీ గ్లాసు గది బయట గట్టు మీదే ఉండాలి, ఎంత చల్లారినా సరే. దేన్నయినా బిగించాక పక్కవాడి చేతికిచ్చి, "పట్టిందా?" అని అడిగేవాడు. పట్టినట్టుంది మావా అన్నామో, ఇక అంతే. "పట్టినట్టుంది అనకు. పట్టిందా, పట్టలేదా?" అని మళ్ళీ చేతిలో పెట్టేవాడు. నా హెల్మెట్ పట్టీ దగ్గరా ఇదే గోల. నా పెళ్ళికి వచ్చి, పెళ్ళి బట్టలతో ఉన్న నన్ను పక్కకి పిలిచి, కొత్త చెప్పులు ఎక్కడ కరుస్తున్నాయని అడిగిన మనిషి ఆయనొక్కడే. నిజంగానే కరుస్తున్నాయి.

ఆ క్లబ్బులో ఒక చీనా పళ్ళ డాక్టరుకి తుపాకిమందు కూరి పేల్చే రివాల్వర్ ఉండేది. పాత కాలపు నమూనాకి కొత్తగా చేసిన నకలు. ఏడాదికోసారి పాతరకం తుపాకుల పోటీ పెట్టేవారు, అప్పుడే అది ఇనప్పెట్టె లోంచి బయటికి వచ్చేది. డాక్టరు మంచివాడే, కానీ మందు కూరడం, మసి తుడవడం ఆయనకి పడదు. వచ్చి నిలబడి కాల్చడమే ఆయన వంతు. మిగతాదంతా మావ చూసుకునేవాడు.

ఆ రకం రివాల్వర్‌కి మనం సినిమాల్లో చూసే తూటాలుండవు. తిరిగే చక్రంలో ఆరు గదులు. ఒక్కో గదిలో ముందు నుంచి తుపాకిమందు పోసి, సీసపు గుండు దిగ్గొట్టి, పైన కొవ్వు పూస్తారు. గది వెనక వైపు చిన్న గొట్టం లాంటి మొన ఉంటుంది. దాని మీద రాగి టోపీ తొడగాలి. సుత్తి వచ్చి టోపీ మీద పడితే అందులోని చిటికెడు మందు భగ్గుమని, ఆ నిప్పు మొనలోంచి గదిలోకి దూరి గుండుని తోస్తుంది. ఇంత కథా ఆ టోపీ మొనకి సరిగ్గా కూర్చోవడం మీద ఆధారపడి ఉంది.

బిగువు టోపీ అడుగుదాకా దిగదు. సుత్తి మొదటి దెబ్బ దాన్ని కిందికి నొక్కడానికే సరిపోయి, చటుక్కుమని చప్పుడొచ్చి ఊరుకుంటుంది. "అది పరువు తీస్తాది. అంతే" అనేవాడు మావ. ఆయన భయమంతా వదులు టోపీతోనే. పక్క గది పేలిన కుదుపుకి అది ఊడిపోతుంది, మొన బోసిగా మిగులుతుంది, ఒక్క రవ్వ చాలు, తన వంతు రాకముందే ఆ గది కూడా పేలుతుంది. ఆ గదికి ఎదురుగా తుపాకి గొట్టం ఉండదు. గుండు దొరికిన దారిన పోతుంది, పట్టుకున్నవాడి చెయ్యి ఆ దారిలోనే ఉండొచ్చు.

టోపీలు విదేశాల నుంచి పర్మిట్ మీద వచ్చేవి. ఒక కంపెనీ డబ్బా మీద పది అని అంకె ఉంటుంది, ఇంకో కంపెనీ డబ్బా మీద పదకొండు అని ఉంటుంది. ఒకరి పది ఇంకొకరి పదకొండుకి సరిపోవచ్చు, ఒకే డబ్బాలో రెండు రకాలూ ఉండొచ్చు. అందుకే ఆయన అంకెల్ని లెక్కచేసేవాడు కాదు. రివాల్వర్ మొనలకు సరిసమానమైన మొన ఒకటి చెక్కలో బిగించి పెట్టుకున్నాడు. ప్రతి టోపీనీ దాని మీద పెట్టి, జామపుల్లతో మెల్లగా నొక్కి, చెక్కని తలకిందులు చేసి అరచేతి మీద మూడుసార్లు తట్టేవాడు. ముందు మూడు పాలడబ్బాలు ఉండేవి. పట్టినవి ఒకదాంట్లో, బిగువైనవి ఒకదాంట్లో, వదులువి ఒకదాంట్లో. ఒక పూటంతా ఈ పనే. పక్కన కూర్చుని చూడటం నాకు ఇష్టంగా ఉండేది. ఆ పూట ఆయన మాట్లాడేవాడు కాదు.

వదులు టోపీకి ఒక సులువు ఉంది. రెండు వేళ్ళ మధ్య పెట్టి కొంచెం నొక్కితే గుండ్రటిది కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పుడు తొడిగితే మొనని కరుచుకుని ఊడకుండా ఉంటుంది. చాలామంది అలాగే చేస్తారని డాక్టరు అనేవాడు. మావ ఒప్పుకునేవాడు కాదు.

"రెండు పక్కల కరుస్తాది, రెండు పక్కల నోరు తెరుస్తాది. నిప్పుకి ఏ నోరైనా ఒకటే. నొక్కి తొడిగినోడు టోపీని మోసం సెయ్యడు అల్లుడూ, తన కళ్ళనే మోసం సేసుకుంటాడు" అన్నాడు నాతో ఒకసారి. ఆ మాట నేను క్లబ్బులో ఉన్న ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

ఆ ఏడాది పోటీకి కొత్త కంపెనీ డబ్బా వచ్చింది. సగానికి పైగా వదులే. ముందురోజు పూటంతా ఏరి, సరిపోయినవి కాసిని తేల్చాడు. పోటీ నాటి ఉదయం మామూలుగానే ఖాళీ గదుల మీద టోపీలు పేల్చి, గొట్టం ముందు గడ్డిపోచ ఊగిందో లేదో, అంటే నిప్పు దారికి అడ్డేమీ లేదో చూశాడు. ఆరు గదులూ కూరాడు. టోపీలు మాత్రం ఆఖరి నిమిషంలోనే తొడుగుతాడు. ఆలోగా పక్క రేంజిలో ఎవరిదో పిస్టల్‌లో తూటా ఇరుక్కుందని పిలుపు వచ్చింది. ఇరుక్కున్న తూటా అంటే ఆగే పని కాదు. మంచి టోపీల డబ్బా చొక్కా జేబులో వేసుకున్నాడు. దాన్ని ఆయన ఎప్పుడూ బల్ల మీద వదలడు.

"నాను వచ్చీదాకా ముట్టుకోకు. ఎవుల్నీ ముట్టుకోనీకు" అని చెప్పి పరుగెత్తాడు.

రివాల్వర్‌ని ఇనప్పెట్టెలో పెట్టి వెళ్ళాలి. తొందరలో పెట్టలేదు. ఆయన చేసిన తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే, అది కూడా నా మీద నమ్మకంతో చేశాడు.

మైకులో డాక్టరు పేరు పిలిచారు. డాక్టరు ఇంకా రాలేదు, మావ రాలేదు. బల్ల మీద రివాల్వర్, పక్కన వదులు టోపీల డబ్బా. ఎవరూ చూడటం లేదు. వంతు దాటిపోతుందేమోనన్న కంగారు ఉన్న మాట నిజమే. కానీ నిజం చెప్పాలంటే కంగారు కన్నా సరదా ఎక్కువ. ఎనిమిదేళ్ళుగా మార్కులు రాస్తూ, ఎనిమిదేళ్ళుగా పక్కన కూర్చుని చూస్తూ, ఒక్కసారైనా నా చేత్తో ఆ పని చెయ్యాలని ఉండేది. ఆరు టోపీలు తీసి, ఒక్కొక్కటీ రెండు వేళ్ళ మధ్య నొక్కి తొడిగాను. వెంట్రుకవాసి తేడాకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఈలోగా డాక్టరు ఒగరుస్తూ వచ్చి, రెడీయా అన్నాడు. మావ తొడిగి వెళ్ళాడనే ఆయన అనుకున్నాడు. రెడీ అన్నాను.

మొదటి గుండు బాగానే వెళ్ళింది. రెండోసారి ఒక చప్పుడులో రెండు చప్పుళ్ళు వినిపించాయి. పొగ విడిపోయేసరికి డాక్టరు ఎడమచేతిని కడుపుకి అదుముకుని వంగిపోయి ఉన్నాడు. ఎడమ బొటనవేలు పై కణుపు చితికిపోయింది. ఆ వేలు తర్వాత మానింది గాని, మడతపడలేదు. పళ్ళు పీకే మనిషికి ఎడమ బొటనవేలంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు.

మావ పరుగెత్తుకొచ్చాడు. ముందు డాక్టరు చేతికి గుడ్డ చుట్టాడు. తర్వాత రివాల్వర్‌ని చూశాడు. ఒక మొన బోసిగా ఉంది, మిగతా వాటి మీద కోడిగుడ్డు టోపీలు. తల ఎత్తి నన్ను చూశాడు. నా చూపుడువేలికీ బొటనవేలికీ టోపీల అంచు నొక్కుకున్న గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వాటిని చూశాడు. పోటీ నడిపే అధికారి వచ్చి, టోపీలు ఎవరు పెట్టారని మలయ్‌లో అడిగాడు.

"సాయా" అన్నాడు మావ. నేనే అని.

నేను నోరు తెరవలేదు. తెరిచి ఉంటే ఏమయ్యేదో ఈ దేశంలో అందరికీ తెలుసు. లైసెన్సులో పేరు లేని చెయ్యి తుపాకి మీద పడితే జైలే. ఆ తుపాకి ఎంత పాతరకందైనా, ఆ చేతికి ఏ దురుద్దేశం లేకపోయినా అంతే. అప్పటికి నా కూతురికి మూడో నెల.

కమిటీ కూర్చుంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మేస్త్రీ, వదులు టోపీలని తనే విడిగా ఏరి పెట్టినవాడు, వాటినే నొక్కి ఎందుకు తొడిగాడని అడిగారు. తొందరలో అన్నాడు. ఆ గదిలో మూలన కూర్చుని ఆ మాటలన్నీ రాసుకున్న గుమాస్తాని నేనే. నా చేతిరాత ఆ రోజు ఎంత శుభ్రంగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా అసహ్యం వేస్తుంది. ఆయన్ని తీసేశారు. పోలీసులు పని లైసెన్సు రద్దు చేశారు.

గేటు బయట మోటార్‌సైకిల్ దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. కాళ్ళ మీద పడబోతే భుజం పట్టి నిలబెట్టాడు.

"నీ పేరు సెప్తే లాకప్. నా పేరు సెప్తే ఇంటికి. ఇల్లు దగ్గర గదా" అన్నాడు.

"నేను చేసింది నువ్వెందుకు మొయ్యాలి మావా?"

"నిన్ను ఆడ ఒగ్గేసి ఎల్లినోడు ఎవుడు? నానే. పెట్టెలో ఎట్టకుండా ఎల్లినోడు ఎవుడు? నానే. అయితే అబద్ధం ఏటుంది, సగం నిజమే లా." ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర లా అని తగిలించి, హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించుకున్నాడు. "మీ అత్తకి సెప్పకు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. నన్ను మంచోణ్ణి సెయ్యడానికే ఊరంతా సెప్తాది, నువ్వు లోపలికి ఎల్తావు. కొన్నాళ్ళు పోనీ. తర్వాత సూద్దాం."

ఆ కొన్నాళ్ళు పన్నెండేళ్ళయ్యాయి.

నేను కూడా ఆ క్లబ్బు మానేసి తెలుక్ ఇంతాన్ వెళ్ళిపోయాను. ఆయన ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని గడ్డికోత మిషన్లు బాగుచేసేవాడు. ఏటా దీపావళికి మిఠాయి తీసుకుని వెళ్ళేవాణ్ణి. అత్త మురుకులు పెట్టేది, నా కూతురి చదువు అడిగేది. ఎంతో ప్రేమగా చూసేది నన్ను. ఆ ఇంట్లో అనుమానంగా చూసేది ఒక్క ఆయన చేతుల్నే.

అది నేను నా కళ్ళతో చూశాను. ఒక దీపావళికి మనవరాలి సైకిల్ గొలుసు ఊడిపోతే, ఆయన నేల మీద చతికిలబడి, చక్రం వదులు చేసి, గొలుసు ఎక్కించి, పళ్ళ మీద పట్టిందో లేదో వేలితో తడిమి చూసుకుంటున్నాడు. కొడుకు బయటికి వచ్చాడు. ఈపోలో ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం తమిళంలోనే చెబుతాడు. అప్పా, నువ్వు వదిలెయ్, నేను షాపుకి తీసుకెళ్తా అన్నాడు. కోపంగా అనలేదు, చిన్నపిల్లాడి చేతిలోంచి కత్తి తీసుకునేటప్పుడు అన్నట్టు అన్నాడు. మావ స్పానర్ నేల మీద పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. కొడుకు సైకిల్ కారు డిక్కీలో పెట్టి తీసుకుపోయాడు.

"ఆడి తప్పు కాదు" అంది అత్త నా వైపు తిరిగి, ఆయన వింటుండగానే. "ఈయన సెయ్యి జాగర్త లేని సెయ్యి. పాపం ఆ డాక్టరు ఏలు పోనాది. గ్యాసు సిలిండరు కూడా నాను ఈయన్ని బిగించనివ్వను. పిల్లలున్న ఇల్లు గదా."

నేను మురుకు నములుతూ తల ఊపాను. ఔను, ఊపాను. మావ నన్ను చూడలేదు. వాన వచ్చేలా ఉందే అని లేచి షెడ్డులోకి వెళ్ళాడు. గదిలోకి చెప్పులతో రాని మనిషి, టోపీని మూడుసార్లు తట్టే మనిషి, తన సొంత ఇంట్లో గ్యాసు సిలిండర్ ముట్టుకోకూడదు.

కిందటేడు వెళ్ళినప్పుడు బాగా చిక్కిపోయి ఉన్నాడు. దగ్గుతున్నాడు. అత్త లోపల వంటలో ఉంది. షెడ్డులో ఇద్దరమే ఉన్నాం. ఒక గడ్డికోత మిషన్‌కి ప్లగ్గు పెడుతూ, ఎటో చూస్తూ అడిగాడు.

"అల్లుడూ, ఇంక ఇప్పుడు సెప్పినా నిన్ను ఎవులూ పట్టుకోరు గదా? శానా ఏళ్ళయిపోనాది. బయట ఒద్దు. ఇంట్లో మటుకే. మీ అత్తకీ, పిల్లలకీ."

పన్నెండేళ్ళలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. నా కూతురు ఆ ఏడాది సెకండరీ స్కూల్లో చేరబోతోంది. కొట్టు యజమాని నన్ను మేనేజర్ని చేసి ఆరు నెలలైంది. ఎవరికో ఎక్కడో తెలిసి, ఎక్కడికో పాకి, అని నా బుర్ర చకచకా పరుగులు తీసింది.

"పిల్లది చదువుకుంటోంది మావా" అన్నాను. "ఇంకొన్నాళ్ళు చూద్దామా?"

ఆయన ప్లగ్గు బిగించడం ఆపలేదు. "తాక్ ఆప లా" అన్నాడు. మలయ్‌లో ఆ మాటకి పరవాలేదని అర్థం. ఇక్కడ రోజుకి వందసార్లు వింటాం, అంటాం. ఆ రోజు విన్నది మాత్రం నాకు ఇంకా చెవుల్లోంచి పోవడం లేదు. అడగడానికి ఆయన ఎన్నాళ్ళు మనసు కూడగట్టుకున్నాడో నేను ఆలోచించలేదు. ఆయనకి టైము లేదని కూడా ఆలోచించలేదు. భోంచేసి వచ్చేశాను.

పోయాడని కబురు వచ్చిన వారంలో జరిగిందంతా ముందు నా భార్యకి చెప్పాను. పదకొండో రోజుకి వెళ్ళి రా అంది, అంతే.

సుంగై సిపుట్ ఇంటి ముందు షామియానా వేశారు. హాల్లో ఫోటోకి దండ, కింద దీపం. చుట్టాలు, తోట పాతకాపులు, కొడుకు ఫ్యాక్టరీవాళ్ళు కలిపి నలభై మంది దాకా ఉన్నారు. అరిటాకులు తీసుకొచ్చి ఒక మూల పెట్టారు, ఇంకా వెయ్యలేదు. అత్త పెరటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. రాలేదేం ఆ రోజు, ఒంట్లో బాగులేదా అని నన్నే అడిగింది.

"అత్తా, ఆ రోజు డాక్టరు రివాల్వర్‌కి టోపీలు పెట్టింది మావ కాదు" అన్నాను. "నేను."

ఆమె అర్థం కానట్టు చూసింది. మొదటి నుంచి చెప్పాను. మావ వద్దన్న సంగతి, నేను నొక్కి తొడిగిన సంగతి, సాయా అన్న సంగతి, కిందటేడు షెడ్డులో అడిగిన సంగతి. ఆఖరిది చెప్పకుండా దాటేద్దామని ఒక్క క్షణం అనిపించింది. చెప్పాను.

అత్త ఏడవలేదు. చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. లోపల ఎవరో గ్లాసులు కడుగుతున్నారు.

"మనవరాలు పుట్టినప్పుడు ఊయల కొన్నాం" అంది చివరికి. "ఈయనే కూకుని బిగించినాడు. పొద్దున్న మొదలెట్టి మధ్యాన్నం దాకా బిగించినాడు. అయిపోనాక నాను కొడుకుని పిలిచి, అంతా విప్పించి మళ్ళీ బిగించమన్నాను. ఈయన ఎదురుగానే. ఒక్క మాట అనలేదు. నిలబడి సూసినాడు, అంతే."

"అత్తా..."

"నన్ను అత్తా అనకు కాసేపు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపులో తిట్టు లేదు, మన్నింపు లేదు.

"నాను ఇప్పుడు ఎవుడికి సెప్పుకోవాల? తప్పయిపోనాది అని ఎవుడి సేతులు పట్టుకోవాల? మొన్నటిదాకా ఆ సేతులు ఉన్నాయి గదా. కిందటేడు అడిగినాడు గదా నిన్ను."

నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని అందరూ అంటారు. నా బరువు దింపుకుని తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను, అంతే జరిగింది.

అత్త గుమ్మం పట్టుకుని లేచింది. "రా" అంది.

"ఎక్కడికి?"

"నాకు ఒక్కదానికి సెప్పి ఎల్లిపోదామనా? ఆయన్ని అన్నోళ్ళు అందరూ ఆడ కూకున్నారు. పిల్లలకి తెలుగులో సెప్తే సగమే ఎక్కుతాది. సగం ఒద్దు. తమిళంలో సెప్పు."

హాల్లోకి తీసుకెళ్ళింది. ఆకులు వేస్తున్నవాళ్ళని ఆగమంది. కొడుకు నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడి ఉంటే, కింద పెట్టి కూర్చో అంది. అందరూ మా వైపు తిరిగారు. కూతురు చంకలో పాపతో ముందుకొచ్చింది. పోలీసులకి భయపడి పన్నెండేళ్ళు దాచిన మాట విని ఆ నలభై మందిలో ఎవరు ఏం చేస్తారో అని ఆలోచించే ఓపిక కూడా అప్పుడు లేదు.

"అంద తొప్పియ వెచ్చదు నాన్ దాన్" అన్నాను. ఆ టోపీ పెట్టింది నేనే అని. తర్వాత మిగతాదంతా చెప్పాను.

కొడుకు ఒక్క ప్రశ్న అడిగాడు. అప్పావుక్కు తెరియుమా అని. నువ్వేనని నాన్నకి తెలుసా అని.

"తెలుసు" అన్నాను. "ఆ నిమిషమే తెలుసు."

అతను రెండు చేతులతో మొహం కప్పుకుని నేల మీదికి వంగిపోయాడు. ఆ ఏడుపు వినలేక నేను గుమ్మం వైపు అడుగు వేశాను. అత్త నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"ఆ మూల కూకున్నోళ్ళకి ఇనపడలేదు" అంది. "మళ్ళీ సెప్పు."

గొంతు పెంచి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.